ఘాటీ ఎక్కని బుల్లెట్టు

ఇలా రండమ్మా, ఆ చేట పక్కన పెట్టి కాసేపు నా దగ్గర కూర్చోండి. రాయగడలో మా వీధి చివర చింతపండు వ్యాపారం వాళ్లింట్లో జరిగిన సంగతి చెబుతాను.

ఒక సోమవారం పొద్దున ఆ ఇంటి పెద్దకొడుకు చంద్రశేఖరం పెరట్లో గోనెపట్టా పరిచి, పాత బుల్లెట్టును ఊడదీసి కూర్చున్నాడు. ఒకప్పుడు మాచ్‌ఖండ్ దాకా ఘాటీ రోడ్ల వెంట కొండలన్నీ తిరిగిన బండి అది. ఆయన పెళ్లాం విజయదుర్గ అత్తగారితో మాటామాటా పెరిగి సెమిలిగుడలో అన్నగారింటికి వెళ్లిపోయినప్పటి నుంచి దాన్ని ముట్టుకున్నవాడు లేడు. కోడలి పేరెత్తితే అన్నం ముట్టనని తల్లి తవిటమ్మ ఒట్టు పెట్టుకుంది. చంద్రశేఖరం ఎత్తనూలేదు. పెడితే తినేవాడు, లేకపోతే లేదు.

"ఒరే సేకరం, ఎందాకారా?" అంది తవిటమ్మ, అరుగు మీద చింతపిక్కలు తీస్తూ.

"ఘాటీ వైపమ్మా."

అంతకు మించి ఆవిడ అడగలేదు. బయలుదేరే మనిషిని ఎక్కడికని అడిగితే పని చెడుతుందని ఆ ఇంట్లో పట్టింపు. మొగుడు ముప్పై ఏళ్లు సంతలు తిరిగితే, ఏ సంతకని ఒక్కనాడూ అడగని మనిషి ఆవిడ.

చంద్రశేఖరం కార్బొరేటర్ను పెట్రోలుతో కడిగి, సన్నటి రంధ్రాల్లోకి బుగ్గలు పొంగేలా ఊదాడు. మసిపట్టిన ప్లగ్గును గరుకు కాగితంతో రుద్దాడు. గొలుసును కిరసనాయిల్లో నానబెట్టి, తడిగుడ్డతో ముందు సీటూ వెనక సీటూ తుడిచాడు.

గోడ అవతల నుంచి కిరాణా కొట్టు గంగయ్య తొంగిచూశాడు.

"ఏటి సేకరం, దానికి రిపేరా, దినమా?"

"నీ నోట్లో మన్ను పడ. పొద్దున్నే ఆ మాటలేటిరా?" అంది తవిటమ్మ.

చంద్రశేఖరం నవ్వలేదు, తలెత్తి చూడనూలేదు. తవిటమ్మకు అదే గుబులైంది. అంతలో చిన్నకోడలు జయంతి వచ్చి ఆవిడ చెవిలో గుసగుసలాడింది.

"అత్తా, బావగారు దుకాణం తాళాలు మా ఆయనకిచ్చీసేరు. నాను రాకపోతే రేపు నువ్వే తియ్యి అన్నారట. గెడ్డం గీసుకున్నారు. పెళ్లినాటి సొక్కా ఇస్త్రీ సేయించేరు."

తవిటమ్మ చేతిలో చింతపండు జారిపోయింది. కిందటేడు అదే వీధిలో లక్ష్మణ అనే కుర్రాడు ఇలాగే కొత్త చొక్కా తొడుక్కుని ఘాటీ వైపు వెళ్లాడు. లోయలోంచి ఇంటికి తిరిగొచ్చింది ఆ చొక్కా ఒక్కటే.

"ఓలి జయంతీ, అడిగీమంటావా, ఎక్కడికో?"

"వద్దత్తా. అడిగితే అదే నిజమైపోతాదేమో."



చంద్రశేఖరం చేతులు కడుక్కోవడానికి నీళ్ల గోలెం దగ్గరకు వెళ్లాడు. పట్టా మీద ఇంకా బిగించనిది ఒక్కటే మిగిలింది, పాయింటు సెట్టు. ప్లగ్గుకు నిప్పురవ్వ అందాలంటే అది ఉండాలి. ఉండేది బొటనవేలంత. తవిటమ్మ గబగబా అరుగు దిగింది, దాన్ని కొంగులో వేసుకుంది, నూతి దగ్గరకు వెళ్లి అందులో వదిలేసింది.

"అమ్మా, ఇక్కడ సిన్న ముక్క ఉండాలి. సూసేవా?"

"మెరుస్తూ ఉన్నాది కదా నాయినా. కాకి ఎత్తుకుపోయిందేమో."

ఆ మాట నమ్మేశాడు పిచ్చితండ్రి. పట్టా దులిపాడు. బూడిదకుప్ప జల్లించాడు. మోకాళ్ల మీద కూర్చుని మురిక్కాలువలో చెయ్యి పెట్టి దేవాడు. చివరికి నలభై ఏళ్ల మనిషి మునగచెట్టు ఎక్కి కాకిగూళ్లు వెతికాడు. కొమ్మ విరిగి కింద పడి, మోచెయ్యి చీరుకుపోయినా లేచి మళ్లీ ఎక్కాడు.

"బజార్లో ఇంకోటి దొరకదేటి బావగారూ?" అంది జయంతి, చూడలేక.

"పాత రకం అమ్మీ ఇది. విజయనగరం ఎల్తే గాని దొరకదు."

ఘాటీ మీదుగా వెళ్లే కోరాపుట్ బస్సు అప్పటికే వెళ్లిపోయింది. ఎండ పెరట్లోంచి గోడ మీదికి పాకింది.

"రేపు ఎల్దువు గానిలే బాబూ," అంది తవిటమ్మ.

"రేపన్నది లేదమ్మా."

 తను అనుకున్నదే నిజమని తవిటమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఊరి దేవత మజ్జిగౌరమ్మకు లోలోపలే దండం పెట్టుకుంది.

పొద్దు వాలాక చంద్రశేఖరం గంగయ్య కొట్టుకు వెళ్లి, ఫోను చేసి వచ్చాడు. వచ్చి బండి చక్రానికి చేరగిలబడి, పసిపిల్లాడిలా ఏడ్చాడు. తవిటమ్మ అన్నం కలిపి తెచ్చి ముద్దలు పెట్టింది. ఏడుస్తూనే తిన్నాడు. ఏడిస్తే ఏడిచాడు, కళ్లముందు ఉన్నాడు కదా అనుకుంది ఆ తల్లి.

ఆవిడ ఇప్పటికీ ఉంది. ఆ ముక్కను నూతిలో పడేసి కొడుకు ప్రాణం నిలబెట్టుకున్నానని గుడిలో కనిపించినవాళ్లందరికీ చెప్పుకుంటుంది. పక్కనే ఉన్నా చంద్రశేఖరం విని ఊరుకుంటాడు. ఈ కథ గుర్తుపెట్టుకుని మీరూ నలుగురికి చెప్పండి తల్లీ, కానీ ఈ చివరి మాట మాత్రం తవిటమ్మ చెవిన పడనివ్వకండి: "మనం తిరిగిన ఆ బండి మీద సోమవారం పొద్దుగూకేలోగా వచ్చి తీసుకెళ్తే వస్తాను, లేదంటే ఈ జన్మకు రాను" అని గంగయ్య కొట్టు ఫోనులో కబురు పెట్టిన విజయదుర్గ, ఆయన ఫోను చేసేసరికే ఇల్లు విడిచి, ఆ సోమవారం సెమిలిగుడ జంక్షన్లో పెట్టె మీద కూర్చుని, చీకటి పడేదాకా బుల్లెట్టు చప్పుడు కోసం చెవులు రిక్కించి విన్నదట.