నల్లరంగు వేసిన వాలు

పచ్చరంగు వేయాల్సిన చోట డార్సీ నల్లరంగు వేశాడు. పొరపాటున కాదు, కావాలనే. వేశాక ఒకసారి తలుపువైపు చూసి, ఏమీ ఎరగనట్టు కప్పు అందుకుని చల్లారిన టీ తాగేశాడు.

కొండల్లో మంచు ఎక్కడ విరిగి పడుతుందో చూపించే మ్యాపు అది. ఆకుపచ్చ అంటే భయం లేదు. నీలం అంటే చూసుకుని వెళ్ళాలి. నలుపు అంటే పైనుంచి మంచు ఊడిపడి మనిషిని మింగేసే చోటు. కెనడా పడమటి కొండల్లోని ఆ చిన్న ఊళ్ళో, మంచు మీద జారడానికి కాళ్ళకి స్కీలు కట్టుకుని బయల్దేరేవాళ్ళెవరైనా ముందు ఆ రంగులు చూసుకునే అడుగు వేస్తారు.

డార్సీ నలుపు పులిమిన వాలు మాత్రం పసిపిల్లల్ని వదిలేసినా హాయిగా జారుకుంటూ కిందికొచ్చే చోటు. చుట్టూ పెద్ద పెద్ద ఫర్ చెట్లు. మధ్యలో మోకాలి లోతు మెత్తని మంచు, దాని మీద ఒక్క స్కీ గీత కూడా ఉండదు. ఆ ఊళ్ళో ఎవరినడిగినా ఇంటి తాళంచెవి ఇస్తారుగానీ, తాము జారే వాలు ఎక్కడుందో చెప్పరు. డార్సీ కూడా ఎవరికీ చెప్పలేదు. ఐదు వారాల క్రితం, పెళ్ళయిన మర్నాడు, బ్రిన్‌కి ఒక్కదానికే చూపించాడు. అప్పట్నుంచి ప్రతి ఆదివారమూ ఆ వాలు వాళ్ళిద్దరిదే. పచ్చరంగు కనబడిందా, ఇవాళ కాకపోతే రేపు ఎవడో ఒకడు అక్కడ దిగుతాడు.

"ఉద్యోగం ఊడుతుంది నీకు," అంది బ్రిన్, సాయంత్రం అతను సంగతి చెప్పగానే.

"నాలుగు వందల వాలులున్నాయి. అందులో ఈ ఒక్కటీ వెర్నా గారి కంట పడుతుందా?"

"పడితే?"

"నీ జీతం మీద బతుకుతా. ఇంట్లో వంట చేసిపెడతా."

"నీ వంట తినడం కన్నా మంచుకింద పడటం నయం," అందామె. అన్నదేగానీ, అతని తల మీద చెయ్యేసి జుట్టంతా చెరిపేసింది.

డార్సీ మ్యాపులు గీసే ఆఫీసుకి వెర్నా పెద్ద. ముప్పై చలికాలాలు ఆ కొండల్లోనే తిరిగిన మనిషి. మర్నాడు డార్సీ మ్యాపు ప్రింటు తీసి ఆమె బల్ల మీద పరిచాడు. ఆమె వేలు కొండ వెంట మెల్లగా పాకుతూ వచ్చి, సరిగ్గా ఆ చెట్ల దగ్గర ఆగింది. డార్సీ గుండె కూడా అక్కడే ఆగింది.

"ఇక్కడ నలుపా?"

"అవునండీ. చూడ్డానికే సాధువు. పైన బోలెడంత మంచు పేరుకుంటుంది."

"నువ్వే వెళ్ళి చూశావా నాయనా?"

"చూశానండీ. కాళ్ళు వణికాయి."

"అయ్యో పాపం," అంది వెర్నా. "సరే, అలా పెట్టి వెళ్ళు."

బతుకుజీవుడా అని బయటపడ్డాడు. ప్రాణాలు కాపాడే కాగితం మీద అబద్ధం రాశానే అని కాసేపు మనసు పీకింది. నల్లరంగు చూసి దూరంగా పోయినవాడికి వచ్చే నష్టమేముంది అని సర్దిచెప్పుకున్నాడు.

ఆదివారం పొద్దున్నే ఇద్దరూ కొండెక్కారు. చలికి బ్రిన్ ముక్కు చెర్రీ పండులా ఎర్రబడింది. ఆ ముక్కునే చూస్తూ నడిచి డార్సీ రెండుసార్లు చెట్టుకి గుద్దుకున్నాడు. రెండోసారి కొమ్మ మీది మంచంతా అతని మెడలోకి జారింది. ఆమె పొట్ట పట్టుకుని నవ్వింది.

ఆ నవ్వుకి చెట్ల అవతలనుంచి ఇంకో నవ్వు తోడైంది.

వెళ్ళి చూస్తే వాలు మీద తొమ్మిది మంది. వెర్నా, ఆమె అక్క, బేకరీ లోర్న్, అతని సంసారం మొత్తం. అందరూ మంచులో సంచులు పరుచుకుని కూర్చుని దాల్చినచెక్క బన్నులు తింటున్నారు. వాలు మీద పైనుంచి కిందిదాకా దువ్వెనతో దువ్వినట్టు గీతలే. చెయ్యి పెట్టేంత చోటు కూడా మిగల్లేదు.

"ఇది... నలుపు కదండీ," అన్నాడు డార్సీ.

"నీ మ్యాపులో నాయనా. జనానికిచ్చేదానిలో పచ్చే. అది నేను వేసవిలోనే పూర్తి చేశాను. నీది ఒకే ఒక్క కాపీ, నా బల్ల సొరుగులో భద్రంగా ఉంది."

"మరి నాతో ఎందుకు గీయించారు?"

"పోయినేడు మ్యాపు గీయమని నీ కుర్చీలో నన్ను కూర్చోబెట్టారు," అన్నాడు లోర్న్, దిగులుగా బన్ను కొరుకుతూ.

వెర్నా జరిగి బ్రిన్‌కి చోటిచ్చి, చేతిలో ఓ బన్ను పెట్టింది.

"మూడేళ్ళు అడిగినా నీ వాలు ఎక్కడుందో చెప్పలేదు కదా. అలా నోరు విప్పనివాణ్ణి పిలిచి మ్యాపు గీయమంటాం, వాడు ఎక్కడ అబద్ధం గీస్తే అక్కడికి టిఫిన్లు కట్టుకుని వచ్చేస్తాం."