గంగమ్మకు సారె

గురునాథం గుమ్మంలో చెప్పులు విప్పగానే లోపల మాటలు ఆగిపోయాయి.

అంతకు ముందు క్షణం దాకా ఆ ఇంట్లోంచి ముగ్గురు ఆడవాళ్ళ నవ్వులు రైల్వే కాలనీ కుళాయి వరకూ వినిపిస్తూనే ఉన్నాయి. తీరా లోపలికి వస్తే భార్య సుభద్ర వంచిన తల ఎత్తకుండా చింతపండు పిక్కలు తీస్తోంది. పక్క క్వార్టరు పైడమ్మ, వెనక క్వార్టరు రమణమ్మ గోడమీది క్యాలెండరు చూస్తున్నారు. గురునాథం గూడ్సుబండి గార్డు. చివరి పెట్టెలో కూర్చుని, ముందు ఏం జరుగుతోందో చప్పుడును బట్టి పసిగట్టడం అతనికి అలవాటు. ఇలా చప్పుడు ఆగిపోవడం అతనికి నచ్చలేదు.

"ఏటే, నన్ను సూసి ఆపీసినారు?"

"ఏటీ నేదండి. టూరుకెల్దామని అనుకుంటన్నాం. మేం ముగ్గురుమే, మొగోల్లు లేకుండా," అంది సుభద్ర.

"ఎక్కడికి?"

"సరుగుడుదిబ్బ."

టిఫిను డబ్బా బల్లమీద కాస్త గట్టిగానే పడింది.

"చిలికా సరస్సు సముద్రంలో కలిసేకాడ దీవంట అన్నయ్యా," రమణమ్మ అందుకుంది. "సుట్టూ నీల్లు, సరుగుడు తోటలు. పడవెక్కితే తప్ప దారే నేదంట. ఇసకలో కాల్లు సాపుకుని కూకోడమే. వంట నేదు, కూలర్లో నీల్లు పొయ్యడం నేదు."

రాయపూర్ ఎండలో మాడేవాళ్ళకి ఆ మాట వింటేనే ప్రాణం లేచి రావాలి. గురునాథం ముఖం మాత్రం వాడిపోయింది. ఖర్చెంతని అడగలేదు, తనకి వంటెవరు చేస్తారని అడగలేదు.

"ఆ ఊరి పేరు మీకెవులు సెప్పినారు?"

ముగ్గురూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు.

"ఎవులో అన్నారు," అంది పైడమ్మ, లేచి కొంగు దులుపుకుంటూ.

వాళ్ళు వెళ్ళాక గురునాథం మెత్తగా మొదలెట్టాడు.

"పూరీ ఎల్లండే. దేవుడూ ఉన్నాడు, సముద్రమూ ఉంది."

"పూరీ సూసీసినాం కదండి."

"పోనీ రామేశ్వరం. అదీ దీవే."

"అక్కడ మొగుడితో కొంగుముడి ఏసుకుని మునగాల. ఉత్త ఆడోల్లం ఏటి సేస్తాం?"

"ఈ ఏడు రైలు పాసులు అయిపోనాయి."

"ఒకటి మిగిలుందండి. పైడమ్మ పెనిమిటి సేత ఆఫీసులో కనుక్కున్నాను."

గురునాథానికి అనుమానం ముదిరింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో సుభద్ర అతని మాట మీద ఇంకొకరి దగ్గర వాకబు చేసింది లేదు. సొంతూరు సోంపేట దగ్గర తమ కొబ్బరితోట చూసుకురావాలని అతను తరచూ బయల్దేరితే సరేననేది. వస్తూ తెచ్చిన ఎండురొయ్యల బుట్ట అందుకుని వంటింట్లోకి వెళ్ళిపోయేది. కొడుకు భిలాయిలో ఉద్యోగంలో చేరాక ఇంట్లో మిగిలింది ఇద్దరే. అంత నమ్మకంగా సాగిన కాపురం ఎక్కడ పట్టాలు తప్పుతుందోనని అతనికి మొదటిసారి భయం వేసింది.

సుభద్ర గోడకున్న మేకుకి తగిలించిన చిన్న ఎర్ర లక్కగాజు తీసి చిటికెన వేలికి తొడిగి తిప్పుతోంది.

"అదింకా పారీలేదా?"

"మొన్న రొయ్యల బుట్టలో దొరికింది కదండి. అమ్మినావిడ పిల్లది జారిపోయుంటాదని మీరే అన్నారు. ముద్దుగా ఉందని ఉంచినాను."

ఆ తర్వాత గురునాథం ఇంట్లో ఉన్నంతసేపూ భార్య మీద ఒక కన్ను వేసే ఉంచాడు. ఒకరోజు ఆమె కుళాయికి వెళ్ళిన సమయం చూసి కొత్త సంచీ విప్పాడు. పట్టు అంచు చీర, రవిక గుడ్డ, పసుపూ కుంకుమ పొట్లాలు, అట్టపెట్టెలో గాజులు.

"ఏటి ఎతుకుతున్నారు?"

వెనక్కి తిరిగితే బిందెతో సుభద్ర.

"ఇయ్యన్నీ ఎవులికి?"

"గంగమ్మకండి. సముద్రంకాడికి ఉత్త సేతుల్తో ఎల్తారేటి? మనూల్లో సారె పెట్టరా?"

పెడతారు. వాళ్ళ వైపు చేపల వేటకెళ్ళే ఇళ్ళలో అది మామూలే. గురునాథం ఒక గాజు తీసి చూశాడు.

"మరీ ఇంత సిన్నయ్యేటి?"

"అమ్మోరికి పెద్దయ్యేటికండి?" బిందె దింపి, సంచీ తీసుకుని మళ్ళీ ముడి వేసింది.

మర్నాడు టెలిగ్రాం ఇద్దామని తపాలా ఆఫీసు దాకా వెళ్ళాడు. కౌంటర్లో కూర్చున్నది కాలనీ మనిషే కావడంతో ఒక కార్డు కొనుక్కుని, అదీ రాయకుండానే తిరిగొచ్చాడు. ఆఖరికి సిగ్గు విడిచి, తనూ సెలవు పెట్టి వస్తానన్నాడు.

"అన్నయ్యా, మీరొస్తే మాకు ఛుట్టీ ఏటుంటాది?" అని రమణమ్మ పకపకా నవ్వింది.

బయల్దేరే రోజు అతనే సామాను మోసుకుంటూ స్టేషనుకి వచ్చాడు. వాల్తేరు ప్యాసింజరు ప్లాట్‌ఫారం మీద ఉంది. సుభద్ర కిటికీ పక్కన కూర్చుంది. స్నేహితురాళ్ళిద్దరూ ఎదురుగా ఉన్నారు. దారంతా నవ్వుకుంటూ వెళ్ళాల్సిన వాళ్ళు ఆవేళ ఎందుకో నవ్వడంలేదు.

"సుభద్రా, దిగిపోయే. అటేపు గాలీవానా అంటన్నారు."

"సముద్రంకాడ గాలి లేకపోతే ఇంకెక్కడుంటాదండి?"

"నా మాటిను. ఒక్కసారి..."

"ఇన్నాల్లూ ఇన్నాను కదండి," అంది సుభద్ర. గొంతులో కోపం లేదు. అది అతన్ని ఇంకా భయపెట్టింది.

ఆ బండి గార్డు ఈల వేశాడు. బండి కదులుతుంటే సుభద్ర కిటికీలోంచి చెయ్యి చాపింది. చిటికెన వేలికి ఆ ఎర్ర లక్కగాజు ఉంది.

"గోల్‌బజార్‌లో గాజులు తీసుకున్నప్పుడు దీన్నే సూపించినానండి. సరిగ్గా ఇదే కొలత."

ఎన్నో బళ్ళకి పచ్చజెండా ఊపిన గురునాథానికి ఆ బండికి చెయ్యెత్తడం కూడా చేతకాలేదు.

సరుగుడుదిబ్బలో ఆ కొలత చేతుల పిల్ల ఒకతె అతన్ని నాన్నా అని పిలుస్తుంది.