శ్రీమతి కూనిరాగం

"ఇది కూడా చేతులెత్తేసింది!" అంటూ డౌన్‌లోడ్ గారు ట్యాబ్‌ను సోఫాలోకి గిరాటేశారు.

"ఏమంటోంది బావా?" సెలవని అక్క ఇంటికొచ్చిన బావమరిది, ఫోన్‌లో కార్ల ఆట ఆపకుండానే అడిగాడు.

"రైలింజను శబ్దం అంటోంది. రికార్డు చేసేటప్పుడు వెనకాల కుక్కర్ కూతేసింది లే."

డౌన్‌లోడ్ గారన్నది ఆఫీసువాళ్లు పెట్టిన పేరు. పాటలదైనా, సినిమాలదైనా, ఆటలదైనా, కొత్త యాప్ వచ్చిందంటే అది ముందు ఆయన ఫోన్‌లో అడుగు పెట్టాల్సిందే. అందులో కనిపించిన బటనల్లా నొక్కి చూస్తే గాని ఆయనకు అన్నం సహించదు. అంతటి మనిషిని మూడు రోజులుగా ఒక చిన్న కూనిరాగం ముప్పుతిప్పలు పెడుతోంది.

ఆ రాగం శ్రీమతిది. మందుల షాపులో పని ముగించుకుని వచ్చి, బట్టలు మడతపెడుతూనో, గిన్నెలు సర్దుతూనో ఆమె ఆ ముక్కే తీస్తుంది. మాటలుండవు. కాస్త దూరం వెళ్లి ఠక్కున తెగిపోతుంది, మళ్లీ మొదటికొస్తుంది. ఇంట్లో ఆమె నోట వినబడేది ఇప్పుడు అదొక్కటే. వారం నుంచి మొగుడితో మాటలు మానేసింది. ఏమైందంటే "ఏమీ కాలేదు" అంటుంది. ఆ మాటకు అర్థం ఏదో పెద్దదే అయిందని తెలియనంత అమాయకుడు కాదు డౌన్‌లోడ్ గారు. అందుకే ఆ పాటేదో కనిపెట్టి, ఆమె ఇంట్లోకి రాగానే కొత్త స్పీకర్‌లో మోగించి, మళ్లీ మాట కలపాలని ఆయన పథకం. ఆమెనే అడిగితే పోలేదా అంటే, అడిగి తెలుసుకునేదానికి ఇన్ని యాప్‌లు ఎందుకు?

తెర చాటున నిలబడి రికార్డు చేశారు. పాటలు గుర్తుపట్టే యాప్‌లన్నిటికీ వినిపించారు. ఒకటి జోలపాట అంది. ఒకటి ఏదో దేశపు జాతీయగీతం అంది. ఇంకొకటి, కాస్త స్పష్టంగా పాడమని ఆయన్నే కోప్పడింది. సినిమాల యాప్‌లలో సీరియళ్ల ముందొచ్చే సంగీతమంతా విన్నారు. ఆటల యాప్‌లలో గెలిచినప్పుడు మోగేదీ, ఓడినప్పుడు మోగేదీ విన్నారు. ఈ హడావిడిలో ఫోన్ నీరసించిపోతే టీవీ వెనక ప్లగ్గుకు తగిలించి ట్యాబ్ మీద పడ్డారు. యాప్‌లన్నీ కలిసి రోజంతా కుయ్ కుయ్‌మంటుంటే భరించలేక ఆ ఫోన్ నోరు ఎప్పుడో నొక్కేశారు.

"ఏదీ, ఒకసారి నన్ను విననీ" అన్నాడు బావమరిది. విని మొహం చిట్లించాడు. "ఎక్కడో విన్నాను బావా."

"ఎక్కడ? ఎక్కడరా?"

"గుర్తు రావట్లేదు. విన్నప్పుడు మాత్రం ఒళ్లు మండింది. అది గ్యారంటీ."

"పాట వింటే ఒళ్లు మండటమేంట్రా, నీ మొహం! సినిమాలోనా, ఆటలోనా?"

"రెండూ కాదు. ఎక్కడో నిలబడి, చాలాసేపు... అబ్బా, చూడు, నీవల్ల కారు గుద్దేశాను!"

డౌన్‌లోడ్ గారికి ఏడుపొక్కటే తక్కువ. గడియారం చూస్తే ఆమె వచ్చే వేళ ఎప్పుడో దాటిపోయింది. ఆఖరి ఆశగా ఇంకో యాప్ దింపారు. అది కాసేపు గుండ్రంగా తిరిగి, తనకేమీ దొరకలేదని చల్లగా చెప్పింది. ఆ యాప్ తయారుచేసినవాణ్ణి, వాడి బడాయినీ కడిగిపారేస్తుండగా తలుపు తెరుచుకుంది.

శ్రీమతి రొప్పుతూ లోపలికొచ్చింది. రెండు చేతుల్లో సామాన్ల సంచులు, చంకలో పిండి ప్యాకెట్టు. లిఫ్ట్ పాడైందట. మెట్లన్నీ అలాగే ఎక్కి వచ్చింది.

"అయ్యో, ఒక్క ఫోన్ కొడితే కిందికి వచ్చేవాణ్ణి కదా!" అన్నారు డౌన్‌లోడ్ గారు.

ఆమె సంచులు దించి ఆయన్ను ఎగాదిగా చూసింది.

ఇక ఆయనకు ఓపిక నశించింది. "చూడూ, నేను ఓడిపోయాను. నువ్వు రోజూ తీసే ఆ కూనిరాగం ఏ పాటో నువ్వే చెప్పు. నీ కోసమే మూడు రోజులుగా తిండీ తిప్పలూ మాని వెతుకుతున్నా."

"నేనా? ఏ కూనిరాగం?" ఆమె నిజంగానే తెల్లబోయింది.

ఆయన ట్యాబ్‌లో వినిపించారు. ఆమె తన గొంతు తానే వింటూ ట్యాబ్ మీదికి వంగింది. నవ్వాలో ఏడవాలో తెలియనట్టు పెదవి బిగించింది.

"ఇదా! చివరికి నా నోటికి కూడా పట్టేసిందన్నమాట."

చేతిసంచిలోంచి ఫోన్ తీసి ఏదో నొక్కి, స్పీకర్ పెట్టి బల్ల మీద ఉంచింది. హాలంతా ఆ రాగమే. కాస్త దూరం వెళ్లి ఠక్కున తెగింది. మళ్లీ మొదటికొచ్చింది.

"అదే! అదే పాట!" డౌన్‌లోడ్ గారు సోఫాలోంచి ఎగిరి లేచారు. "ఇన్నాళ్లూ నా కంటబడకుండా ఏ యాప్‌లో దాక్కుందే ఇది?"

"యాప్ కాదు, మీకే ఫోన్ చేశాను" అంది శ్రీమతి. "మీరు ఎత్తేదాకా రోజూ నేను వినే పాట ఇది."