ఆగని లారీ

మేక అడ్డమొస్తే లారీ ఆపి, అది దాటేదాకా కూర్చునే మనిషి, తుపాకులు అడ్డమొచ్చిననాడు ఎందుకు ఆపలేదు?

నాలుగేళ్లుగా జ్ఞానమణిని ఈ అనుమానం తొలుస్తూనే ఉంది. ఇవాళ బోయిన్‌పల్లి రోడ్డులోని మెకానిక్కు బ్రహ్మచారి షెడ్డులో నిలబడితే, జవాబు దొరికేలా తోచింది.

షెడ్డు నిండా ఒకే రకం లారీలే. ఆ రకం బండ్లన్నిటినీ వెనక్కి తెమ్మని, అమ్మిన కంపెనీయే కబురు పంపింది. బ్రేకులకు నూనె పారే సన్నగొట్టంలో పుట్టుకతోనే లోపం ఉందట. ఇంజను బాగా వేడెక్కితే అది చిట్లుతుంది. అప్పుడు కాలితో ఎంత నొక్కినా బండి ఆగదు. కంపెనీ పంపిన ఆర్థర్ ఒక్కో లారీ కిందికి దూరి చూస్తుంటే, బ్రహ్మచారి పాతగొట్టాలు విప్పి కుప్ప పోస్తున్నాడు.

"చారిగారూ, ఆయన నడిపింది కూడా ఈ రకమేనా?"

బ్రహ్మచారి చేతిలోని పానా ఆగింది. జ్ఞానమణి మొగుడు యేసుదాసు లారీ మంచిచెడ్డలన్నీ చూసింది అతనే.

"గిదే రకం, వదినమ్మా."

పోలీసు చర్యకు కొద్దిరోజుల ముందు సంగతి అది. ఊళ్లు వదిలి వస్తున్న ఆడవాళ్లను, పిల్లలను జొన్నబస్తాల మధ్య దాచి సికింద్రాబాదుకు తెస్తున్నాడు యేసుదాసు. మౌలాలి దగ్గర, రోడ్డు పల్లంలోకి దిగేచోట రజాకార్ల నాకా. ఆపమని చెయ్యెత్తారు. లారీ ఆగలేదు. అడ్డుకర్రను విరుచుకుని దూసుకుపోయింది. వెనకనుంచి తూటా వచ్చి యేసుదాసు మెడలో దిగింది. ఇంకొంత దూరం పోయి బండి చేనుగట్టుకు గుద్దుకుంది. బస్తాల మధ్యనున్నవాళ్లు జొన్నచేలో పడి బతికిపోయారు. లారీ తుక్కు కింద పోయింది.

అప్పటినుంచి చర్చిలో అయ్యగారు యేసుదాసు త్యాగం ఎత్తుకుంటే చాలు, అందరూ జ్ఞానమణి వైపు తిరిగేవారు. ఆమె తల వంచుకునేది. అది వినయమనుకునేవారు. నిజానికది కోపం. ఇంట్లో పాలు మరవని బిడ్డ. పరాయివాళ్లు గుర్తొచ్చిన మనిషికి తాము గుర్తురాలేదా? దేవుణ్నీ అడిగి చూసింది. ఆయనా పలకలేదు. ఏటా సమాధుల పండుగకు అందరూ తమవాళ్ల సమాధులకు సున్నం వేసి పూలు పెడుతుంటే, ఈమె మాత్రం సమాధుల తోట గేటు దాటలేదు. భార్యగా చెయ్యవలసిన ఆ చిన్నపని అలా బాకీ పడిపోయింది.

"దూరం నుంచి వచ్చిన బండి కదా. ఇంజను వేడెక్కే ఉంటుంది కదా?"

"వేడిగనే ఉంటది."

"అంటే ఆయన బ్రేకు తొక్కాడు. అది పడలేదు."

బ్రహ్మచారి మళ్లీ పానా తిప్పసాగాడు. లారీ కిందినుంచి ఆర్థర్ అందుకున్నాడు. "మొన్న బొల్లారంల ఓ బండి గిట్లనే బాయిల పడ్డదమ్మా. మనిషిని బయటికి తీసేటప్పుడు సుత, కాలు బ్రేకు మీదనే బిగుసుకుని ఉండె."

జ్ఞానమణి ఒక అడుగు ముందుకేసింది. "చారిగారూ, మీరు చెప్పండి. మీ నోటితో వినాలి."

బ్రహ్మచారి చేతులు తుడుచుకున్నాడు. తుడిచిన చేతులనే మళ్లీ తుడుచుకున్నాడు.

"తొక్కే ఉంటడు, వదినమ్మా. మిమ్ముల ఇడిచిపెట్టి పోయే మనిషా దాసన్న?"

ఆమె అక్కడే ఒక పాత టైరు మీద కూలబడి, మొగుడు పోయిన నాడు కూడా ఏడవనంతగా ఏడ్చింది.

ఆ యేడు సమాధుల పండుగకు సున్నపు బకెట్టు పట్టుకుని గేటు దాటింది జ్ఞానమణి. అప్పటికే సమాధి దగ్గర బుచ్చమ్మ కూర్చుని చేమంతులు పేరుస్తోంది. కూరగాయలమ్ముకునే ముసలమ్మ. ఆనాడు మనవరాలిని ఒళ్లో అదుముకుని ఆ బస్తాల మధ్య కూర్చున్నది ఆమే.

"వస్తివా బిడ్డా. గిన్నేండ్లు నేనే పూలు పెడుతుంటి. సూసెటోళ్లు నన్నే ఈయన పెండ్లామనుకునేటట్టున్నరు."

జ్ఞానమణి నవ్వింది. పక్కన కూర్చుని గొట్టం సంగతి చెప్పింది. చెబుతున్నకొద్దీ ఆమె ముఖం తేటబడింది. ముసలమ్మ ముఖం మాత్రం నల్లబడుతూ వచ్చింది.

"అంటే, బ్రేకు పడితే ఆపెటోడా? మమ్ముల వాళ్ల చేతుల పెట్టెటోడా?"

"ఆయనా మనిషే కదా పెద్దమ్మా. ఇంటికి రావాలనుకున్నాడు."

బుచ్చమ్మ చేతిలోని చేమంతిని తిరిగి బుట్టలో వేసేసింది. "ఏదైతేంది. బతికినం," అంది. ఆ గొంతులో బతికిన సంతోషం లేదు. మిగిలిన పూలు పెట్టకుండానే బుట్ట ఎత్తుకుని లేచింది.

గేటు దగ్గర, తలరుమాలు తీసి చేతపట్టుకుని బ్రహ్మచారి నిలబడి ఉన్నాడు. లోపలికి రాలేదు.

"చారీ, నా మనవరాలికి దినాం ఆయన పేరు జెప్పి దండం పెట్టిస్తున్న. రేపటికెల్లి ఏం జెప్పాలె? సచ్చినోని మీద అబద్ధమాడకు. నిజంగ బ్రేకు పడలేదా?"

బ్రహ్మచారి లోపలికి చూశాడు. జ్ఞానమణి మోకాళ్ల మీద వంగి, సమాధికి మెల్లగా సున్నం వేస్తోంది. వేస్తూ వేస్తూ మొగుడితో ఏదో చెప్పుకుంటోంది. ఇన్నేళ్ల బాకీ ఆమె చేతుల్లో తెల్లగా తీరుతోంది.

"ఆమెకు మాత్రం జెప్పకు అవ్వా," అన్నాడు గొంతు తగ్గించి. "గొట్టం కారుతుందని దాసన్ననే బండి తెచ్చిండు."

"తెస్తే?"

"ఆ దినానికి ముందునాడే బాగుచేసిచ్చిన. బ్రేకు మంచిగ పడుతుండె."