మూత నిదానంగా

"మామయ్యా, సోడా తాగుతారా, బుజ్జగిస్తారా?"

రేవు పక్కన సోడా కొట్టు. కొట్టు యజమానురాలి కూతురు లెక్క మధ్యలో వదిలేసి నవ్వింది.

కాలు ఈడ్చుకుంటూ వచ్చే ఆ కొత్త మనిషి సీసా మూతను కొంచెం కొంచెంగా తిప్పుతున్నాడు. కొన్నాళ్ళుగా రోజూ మధ్యాహ్నం అదే తంతు.

"తొందరపడితే పొంగిపోతుందమ్మా. ఏమిటా లెక్క?"

"పీడనాన్ని బట్టి నీళ్ళలో ఎంత వాయువు కరుగుతుందో కట్టాలి. పోయినసారి పరీక్షలో ఇక్కడే తప్పాను."

"చిన్నప్పుడు రేవులో పడి మింగిన ఉప్పునీళ్ళు ఇంకా దీని బుర్రలోనే ఉన్నాయి," అంది తల్లి లోపల్నుంచి.

ఆయన నవ్వలేదు. సీసా పైకెత్తి చూపించాడు.

"ఒత్తిడి రెట్టింపైతే కరిగే గ్యాసూ రెట్టింపు. మూత తీస్తే ఒత్తిడి తగ్గి, కరిగింది బుడగలై పొంగుతుంది. సముద్రం అడుగున పనిచేసే మా డైవర్ల రక్తంలోనూ అంతే. అందుకే ఆగి ఆగి పైకి రావాలి. ఒక్కసారి ఆగలేదు, కాలు పడిపోయింది."

"ఎందుకాగలేదు?"

"చేతిలో బంగారం ఉంది మరి."

"కోతలకు పన్ను లేదుగా!" తల్లి గొణిగింది.

ఆ రోజు నుంచి ఆయన పేరు గ్యాస్ మామయ్య. గ్యాస్ కొట్టినా, లెక్క మాత్రం అమ్మాయి తలకెక్కింది.

ఫలితాలొచ్చిన రోజు ఆయన సంచితో వచ్చాడు.

"పాసయ్యాను మామయ్యా!"

ఆయన ముఖం వెలిగిపోయింది. సోడా చివరి చుక్క దాకా తాగాడు.

"వచ్చిన పని అయింది. మా అమ్మాయి దగ్గరికి పోతున్నానమ్మా."

"ఆ బంగారం ఏం చేశారో చెప్పి వెళ్ళండి!"

"ఎవరిది వాళ్ళకిచ్చేశాను. బాగానే ఉంది."

నవ్వుతూ బస్సెక్కాడు.

రేవులో క్రేన్ నడిపే తండ్రి అప్పుడే స్వీట్ల పొట్లంతో వచ్చాడు. బస్సు కిటికీలో ముఖం చూసి ఆగిపోయాడు.

"ఆయనెందుకొచ్చారు?"

"గ్యాస్ మామయ్యా? రోజూ వస్తారుగా నాన్నా."

"గ్యాసేంటే! అడుగున పనిచేస్తూ, మునిగిపోతున్న నిన్ను పట్టుకుని ఎక్కడా ఆగకుండా పైకొచ్చింది ఆయనే. ఆస్పత్రిలో ఆయన్ని నేనొక్కణ్ణే చూశాను. తర్వాత ఎంత వెతికినా దొరకలేదు."

బస్సు మలుపు తిరిగింది.

ఖాళీ సీసాను గుండెకు హత్తుకుని, ఆయన పైకి తెచ్చిన బంగారం గుమ్మంలో నిలబడిపోయింది.