టుక్ టుక్ టింగ్

"తల కదపకండి. ఇంత నూనేంటండీ! వైర్లు నిలవట్లేదు" అని విసుక్కుంది రూతు. సూర్యారావుపేటలోని ఆ ఆసుపత్రిలో మెదడు గీతలు తీసే మిషను చూసుకునేది ఆవిడే.

హర్షవర్ధన్ సిగ్గుపడ్డాడు. పెళ్లి మాటలు తేలే రోజున ఒట్టి తలతో వెళ్తావా అంటూ వాళ్లమ్మ గరిటెడు కొబ్బరినూనె పట్టించి పంపింది. ఇక్కడ నూనె పనికిరాదని తెలిసి కూడా ఎదురు చెప్పలేకపోయాడు.

ఎదురుగా కాబోయే మామగారు రామకోటేశ్వరరావు కూర్చున్నాడు. పామర్రులో రైసుమిల్లు ఆయనది. బస్తాలో చెయ్యి పెట్టి చూడందే గింజ కొనడు. అల్లుణ్ణీ అలాగే చూస్తున్నాడు.

"కంకిపాడులో మీ వీధంతా వాకబు చేశాను బాబూ. నాలుగేళ్లుగా పొద్దస్తమానం ఈ పిచ్చాసుపత్రిలోనే ఉంటున్నావంట. ఇంటికొచ్చినా ఎవరికీ వినపడని మాటల గోలేనంట. ఆడపిల్ల తండ్రిని. నా భయం నాది."

అందులో ఒక్క ముక్కా అబద్ధం కాదు. అదే హర్షవర్ధన్ ప్రాణం మీదికొచ్చింది. ఆయన కూతురు చిన్నిని పెళ్లిచూపుల్లో ఒక్కసారే చూశాడు. తండ్రి లాల్చీ మీద కాఫీ ఒలకబోసి, ఆ పిల్లే పకపకా నవ్వింది. అప్పట్నుంచీ అతనికి అన్నం సహించడం లేదు. ఈ సంబంధం తప్పిపోతే తట్టుకోలేడు. అందుకే, పరీక్ష చేయించాల్సిందేనని ఆయన పట్టుబడితే ఈ వైర్లకు ఒప్పుకున్నాడు.

రూతు అతని చెవులకు ఇయర్‌ఫోన్లు తగిలించింది. టుక్, టుక్, టుక్, టుక్... టింగ్!

"అంతా ఒకటే మోతండీ. మధ్యమధ్యలో ఒకటి తేడాగా మోగుద్ది. బాగున్న మెదడు ఆ తేడాకి ఉలిక్కిపడుద్ది. జబ్బు మొదలవుతుంటే అంతగా పట్టించుకోదు. ఇదొక్కటే చూసి తేల్చెయ్యరనుకోండి, ఇదో ఆనవాలంతే."

రామకోటేశ్వరరావు చెవులు రిక్కించాడు.

"నాకేం వినపడట్లేదేంటమ్మా?"

"మీకు వినపడవండీ. ఆయనొక్కరికే."

"అమ్మో! అయితే వాకబులో చెప్పింది నిజమే!"

ఆయనకు నచ్చజెప్పేసరికి రూతుకు తల ప్రాణం తోకకొచ్చింది. ఈలోగా మిషను గీతల కాగితం బయటికి తోసింది. ఆయన దాన్ని అటు తిప్పి, ఇటు తిప్పి చూశాడు.

"ఇంతకీ ఉలిక్కిపడిందా లేదా?"

"అది నేను చెప్పకూడదండీ. ఇక్కడ ఈ గీతలు చదివే డాక్టరు గారు ఒక్కరే, ఆయనే చెప్పాలి."

"అయితే పిలువమ్మా. ఆయన బాగుందంటే ఇవాళే తాంబూలాలు. లేదంటే మా దారి మాది."

రూతు హర్షవర్ధన్ తలకున్న వైర్లన్నీ ఊడదీసి, కొక్కేనికున్న తెల్లకోటు తెచ్చి అతని చేతికిస్తూ, "ఇక మీరే చెప్పాలి డాక్టరు గారూ" అంది.