బోర్డు లేని గది

మంటలార్పే ఇసుక బకెట్‌లో సగం ఖాళీ అయిన మందు సీసా బయటపడింది.

ఊడ్చే ఆవిడ దాన్ని గుడ్డలో చుట్టి తెచ్చి బస్సు డిపో కంట్రోలర్ బల్ల మీద పెట్టింది. పొద్దున్న ఆరు. ఆయన చేతిలో తాగారో లేదో పట్టేసే ఊదే మిషన్. ఎదురుగా డ్రైవర్ల వరస.

"ఎవరు చూశారు?" గొంతు తగ్గించి అడిగాడు కంట్రోలర్.

"నేనే సార్. పిల్లి ఇసుక తవ్వుతుంటే తోలడానికి వెళ్లా. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకోకపోడు, చూస్తూ ఉండండి."

"ఎవరికీ చెప్పకు. ఈ సంగతి నేను చూసుకుంటా."

కంట్రోలర్ యూనిఫాం సర్దుకున్నాడు. సీసా సొరుగులోకి పోయింది.

డ్రైవర్లు ఒక్కొక్కరే ఊదారు. అందరికీ పచ్చ దీపమే.

"ఊదీ ఊదీ బుగ్గలు అరిగిపోయాయి సార్. కొత్త బుగ్గలు ఎప్పుడిప్పిస్తారు?" అన్నాడొకడు.

చివరివాడు పెద్ద డ్రైవర్. అందరూ 'మూగ హారన్' అంటారు. బస్సులో హారన్ కొట్టడు, బయట నోరు విప్పడు. ఊదుతున్నంతసేపూ అతని చూపు మిషన్ మీద లేదు, దాన్ని పట్టుకున్న చేతి మీద ఉంది. కంట్రోలర్ చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

ఎవరికీ చెప్పొద్దన్న మాట పదింటికల్లా షెడ్డంతా తిరిగింది. మెకానిక్ కండక్టర్ని ఓరగా చూశాడు. కండక్టర్ డ్రైవర్ని చూశాడు. మధ్యాహ్నం మేనేజర్ ఫోన్ చేశాడు.

"రేపు మిషన్ నేనే పట్టుకుంటా. అందరూ ఊదాల్సిందే."

కంట్రోలర్ తింటున్న క్యారేజీకి మూత పెట్టేశాడు. మూగ హారన్ గుర్తొచ్చాడు. ప్రతి గురువారం మూడింటికి అతను టైర్ల స్టోరు పైనున్న బోర్డు లేని గదికి వెళ్తాడు. తాగుడు మానాలనుకునేవాళ్ల కోసం కంపెనీ పెట్టిన గది అది. తనంతట తాను వచ్చినవాడి పేరు గడప దాటదు, ఉద్యోగమూ పోదు. మిషన్‌కి దొరికినవాడు మాత్రం అదే రోజు ఇంటికి.

బయట మూగవాడు అక్కడ గంటసేపు ఏం మాట్లాడుతున్నాడు? ఎవరి గురించి?

ఆ రోజు గురువారమే. సీసాని సంచిలో వేసుకుని, చప్పుడు కాకుండా మెట్లెక్కాడు కంట్రోలర్. తలుపుకి చెవి ఆనించాడు. లోపల గుసగుసలు. ఆపైన నవ్వు.

తలుపు తోశాడు.

మూడు కుర్చీలు. ఒకదాంట్లో మూగ హారన్. ఇంకోదాంట్లో సలహాలిచ్చే ఆవిడ. ఆవిడ ముందు కాగితం లేదు, కలం లేదు.

"దొరికావు! ఏం చెబుతున్నావయ్యా ఇక్కడ?"

"నా గోడే సార్. మానేసి పదకొండేళ్లు. వారానికోసారి వచ్చి కూర్చోకపోతే కాళ్లు అటే లాగుతాయి."

"ఇంకెవరి పేరూ చెప్పలేదా?"

"ఇక్కడ ఎవరి సంగతి వాళ్లే చెప్పుకోవాలి సార్."

ఆవిడ మూడో కుర్చీ ముందుకు జరిపింది. "మిమ్మల్ని ఎవరైనా పంపారా? మీ అంతట మీరే వచ్చారా?"

కింద ఏదో బస్సు బయల్దేరింది. కంట్రోలర్ వెనక్కి తిరిగి తలుపు మూశాడు. తర్వాత సంచిలోంచి సీసా తీసి బల్ల మీద పెట్టాడు. కూర్చున్నాడు.

"నా అంతట నేనే వచ్చానమ్మా... ఇది నాదే, ఎనిమిదేళ్లుగా ఆ మిషన్ పట్టుకున్న నన్ను ఒక్కరూ ఊదమనలేదు."